మొక్కజొన్న ఇల్లు చేరాకే కానుకలు: టాంజానియా పల్లె సంఘాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

టాంజానియా దక్షిణ కొండసీమలో, ఇరింగా పట్నం చుట్టుపక్కల పల్లెల్లో లూథరన్ క్రైస్తవ సంఘాలు ఎలా నడుస్తాయో పోయిన సంచికలో రాశాం. దాని మీద ఉత్తరాలు బాగానే వచ్చాయి. నలుగురైదుగురు ఒకే సంగతి అడిగిన చోట ఒక ఉత్తరాన్నే వేస్తున్నాం.

ప్రశ్న: ‘జింబో’ అని పదేపదే రాశారు. అది మన పాస్టరేటు లాంటిదా, సినడు లాంటిదా? ఒక్క పాస్టరుగారు అన్ని ఊళ్ళు ఎలా చూసుకుంటారండీ? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెంటికీ మధ్యదమ్మా. కింది నుంచి చెప్పుకొస్తే తేలిక. ఒక ఊళ్లో ఆదివారం కూడుకునే గుంపును ‘మ్టా’ అంటారు. అలాంటివి నాలుగు నుంచి పది దాకా కలిస్తే ‘ఉషరికా’. దానికి ఒక పాస్టరు. కొన్ని ఉషరికాలు కలిస్తే ‘జింబో’, జింబోలన్నీ కలిస్తే బిషప్పుగారి ‘దయోసిసి’. జింబో పెద్దను ‘మ్కూ వా జింబో’ అంటారు. ఆయనా పాస్టరే. చాలాచోట్ల తన ఉషరికా పని మానకుండానే ఈ బరువూ మోస్తాడు.

మీ రెండో ప్రశ్నకు లెక్కే జవాబు. ఆరు మ్టాలున్న పాస్టరు ఆదివారానికి రెండు చోట్లకు వెళ్లగలిగితే ఒక్కో ఊరికి మూడు వారాలకు ఒకసారి వంతు వస్తుంది. అదీ దారి ఎండి ఉంటే. నవంబరు చివర మొదలైన వానలు ఏప్రిల్ దాకా ఉంటాయి. ఎర్రమట్టి కొండదారుల్లో బండి దిగబడితే ఆ వంతు పోయినట్టే, మళ్లీ మూడు వారాలు. ప్రభు భోజనం ఇచ్చేది పాస్టరు ఒక్కరే కాబట్టి కొన్ని ఊళ్ళలో రెండేసి నెలలు ఆ బల్ల ఉండదు.

మిగతా పనంతా ‘మ్వింజిలిస్టి’ది. మన పల్లె సంఘాల్లో ఉపదేశిగారు ఉండేవారే, అచ్చం ఆయనే. బైబిలు పాఠశాలలో కొంతకాలం చదువుకుని వచ్చి ఆ ఊళ్లోనే కాపురం ఉంటాడు. ఆదివారం వాక్యం చెబుతాడు, రోగుల దగ్గర ప్రార్థన చేస్తాడు, చనిపోయినవారిని సమాధి చేస్తాడు, కన్ఫర్మేషన్‌కు, అంటే సంఘంలో పూర్తి సభ్యులవడానికి, సిద్ధపడే పిల్లలకు రెండేళ్ల పాటు పాఠం చెబుతాడు. ప్రాణం మీదికొస్తే బాప్తిస్మమూ ఇస్తాడు. ఇంత చేసినా జీతం నామమాత్రం, చాలాచోట్ల అదీ ధాన్యం రూపంలోనే. ఇల్లు గడిచేది తన సొంత ‘షాంబా’, అంటే చేను మీదే. పోయిన వ్యాసంలో పాస్టర్ల గురించి ఎక్కువ రాసి ఈయన గురించి తక్కువ రాశామని ఇద్దరు పాఠకులు ఎత్తిచూపారు. ఒప్పుకుంటున్నాం. జింబో పటంలో చుక్కలు ఎన్ని ఉన్నా, ఉపదేశి లేని చుక్కలో సంఘం ఏడాది తిరక్కుండా చెదిరిపోతుంది.

ఈ ఏర్పాటు ఇవాళ్టిది కాదు. జర్మనీ నుంచి బెర్లిన్ మిషను వారు 1891లో ఈ దక్షిణ ప్రాంతానికి, లైప్జిగ్ మిషను వారు 1893లో కిలిమంజారో వైపుకు వచ్చారు. (గుంటూరుకు లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు వచ్చింది 1842లో, అంటే లూథరన్ సంఘంలో మనవాళ్ళే పెద్ద.) మొదటి ప్రపంచయుద్ధంలోనూ ఆ తర్వాతా జర్మన్ మిషనరీలను నిర్బంధించి పంపించేశారు, రెండో యుద్ధంలో మళ్లీ అదే జరిగింది. రెండుసార్లూ గుళ్లు మూతపడకుండా కాపాడింది ఊరి పంతుళ్లు, ఉపదేశులే. 1963లో ఏడు సంఘాలు కలిసి ఇప్పటి టాంజానియా లూథరన్ సంఘం ఏర్పడింది. 1977లో దార్ ఎస్ సలాంలో ప్రపంచ లూథరన్ సమాఖ్య మహాసభ జరిగినప్పుడు ఈ సంఘపు బిషప్పు జోసయా కిబిరా దానికి అధ్యక్షుడయ్యారు. ఆ పదవి అందుకున్న మొదటి ఆఫ్రికా వ్యక్తి ఆయనే.

ప్రశ్న: మా ఊళ్లో కోత పండుగకు గుమ్మడికాయ, కోడిపుంజు వేలం వేస్తాం. అక్కడ ప్రతి ఆదివారం వేలం ఉంటుందని రాశారు. నిజమేనా? ఆ డబ్బుతోనే సంఘం గడుస్తుందా? (బాపట్ల)

జవాబు: నిజమే. దాన్ని ‘మ్నాడా’ అంటారు. మనకు ఏడాదికోసారి పండుగ, వాళ్ళకు అది వారంవారం జరిగే సంగతి. చేతిలో నోటు లేనివాళ్ళు చేతికొచ్చిన పంట తెస్తారు: రెండు చెరకుగడలు, గిన్నెడు చిక్కుడుగింజలు, పొద్దుతిరుగుడు గింజలు, కాళ్లు కట్టిన కోడి, ఒక్కోసారి మేక. ఆరాధన అయ్యాక అందరూ పాడుకుంటూ బయటికొచ్చి, చేతులు కలుపుతూ గుండ్రంగా నిలబడతారు. ఆ వలయం మధ్యలోనే వేలంపాట మొదలవుతుంది.

దీని అసలు కిటుకు వస్తువు ధరలో లేదు. ఒక కోడిగుడ్డు 500 షిల్లింగులకు పోయిందనుకుందాం. పాడుకున్నాయన గుడ్డు తీసుకోడు, ‘మళ్లీ సంఘానికే’ అంటాడు. రెండోసారి ఒకామె 700కు పాడుకుంటుంది. ఆమె దాన్ని అక్కడే కూర్చున్న ఒక ముసలమ్మ చేతిలో పెడుతుంది. ఒక గుడ్డు మీద 1,200 షిల్లింగులు వచ్చాయి, ముసలమ్మకు గుడ్డూ దక్కింది. వేలం పాడించేవాడు నోటి చలువ ఉన్నవాడై ఉండాలి. మూతి ముడుచుకున్న కోశాధికారికి ఈ పని అప్పగిస్తే గుడ్డు గుడ్డు ధరకే పోతుంది.

తేడాలు వచ్చేది అప్పు దగ్గర. నవ్వుల్లో పాట పెంచేసి ‘వచ్చే ఆదివారం ఇస్తా’ అంటారు. అందుకే పద్దు పుస్తకంలో వస్తువు, పాడినవారి పేరు, ధర, చెల్లించిందీ బాకీదీ అని నాలుగు గళ్లు గీసి అక్కడికక్కడే రాయాలి. పళ్ళెంలో పడిన డబ్బును, వేలం డబ్బును ముగ్గురు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేస్తారు. ఒక్కరే లెక్కపెట్టిన చోట ఎంత నిజాయితీపరుడికైనా మాట పడక తప్పదు. పట్నం నుంచి అతిథి వచ్చినప్పుడు ఇంకో చిక్కు. ఆయన అన్నీ తనే పాడేసుకుంటే ఊరివాళ్ళు చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోతారు. రెండు వస్తువులు పాడి ఆగడం మర్యాద.

అయితే సంఘం వేలం మీదే నడవదు. ఇంటింటికీ ఒక నంబరు వేసిన కవర్లు ఇస్తారు, వాటిని ‘బహాషా’ అంటారు. ఏడాదికి ఇంత ఇస్తామని మొక్కుకున్నది ఆ కవర్లలో కొంచెం కొంచెంగా వేస్తారు. వచ్చినదాంట్లో ఒక వాటా జింబోకు, ఒక వాటా దయోసిసికి పోతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ వాటా ఎం-పెసా లాంటి ఫోన్ డబ్బులో పంపుతున్నారు. గంటల తరబడి బస్సు ప్రయాణమూ, దారిలో దొంగల భయమూ తప్పాయి. డబ్బు సందేశం సంఘం పేరు మీదున్న నంబరుకు రావాలి, సొంత ఫోనుకు కాదు. ఇది పాటించని చోటే గొడవలు.

ఇక కాలం. మొక్కజొన్న విత్తేది డిసెంబరులో, ఇల్లు చేరేది జూన్, జూలైల్లో. జనవరి నుంచి మార్చి దాకా పాత గింజ అయిపోయి, కొత్తది రాక, పొయ్యి వెలగడమే కష్టంగా ఉంటుంది. ఆ మూడు నెలల్లో కవర్లు ఖాళీగా వస్తాయి. అలాంటప్పుడు ‘మీ ఉషరికా బాకీ పడింది’ అని జింబో ఆఫీసు నుంచి ఉత్తరం పోతే జనం మనసు విరుగుతుంది. తెలిసిన జింబో పెద్ద ఏడాది ఖర్చును నెలకింత అని పన్నెండు భాగాలు చేయడు. వచ్చే రాబడిలో ఎక్కువ భాగం జూలై నుంచి సెప్టెంబరు దాకానే అని రాసుకుని, ఉపదేశుల జీతం జనవరి–మార్చి నెలలకు ముందే విడిగా తీసిపెడతాడు. కోత పండుగ, అంటే ‘మవునో’ కూడా ఆ నెలల్లోనే.

ప్రశ్న: ఇరింగా దగ్గర వ్యవసాయ పనిమీద ఉంటున్నాను. ఇక్కడి సంఘం కోత కానుకగా వచ్చిన మొక్కజొన్నను కొట్టులో పెట్టి, ధర పెరిగాక ఫిబ్రవరిలో అమ్ముదామనుకుంది. తీసి చూస్తే సగం పిండి. ఎక్కడ తప్పు జరిగింది? (ఇరింగా నుంచి ఒక తెలుగు పాఠకుడు)

జవాబు: ఆలోచన మంచిదే, కొట్టే మోసం చేసింది. కానుక గింజకు ఒక అవలక్షణం ఉంది: అది నలభై ఇళ్ళ గింజ. ఒకరిది బాగా ఎండింది, ఒకరిది పచ్చిది, ఇంకొకరిది అప్పటికే పురుగు పట్టింది. ‘దెబే’ అనే 20 లీటర్ల డబ్బాతో కొలిచి, ఆరు దెబేలు ఒక ‘గునియా’లోకి ఎత్తుతారు. ఈ రెండు మాటలూ మన చెవికి పరాయివిగా వినిపించవు, ఒకటి డబ్బా, రెండోది గోనె. అన్నీ ఒకే గోనెలో కలిసేసరికి ఒక్క ఇంటి పురుగు అందరి గింజా తినేస్తుంది.

పిండి అయిందన్నారంటే మామూలు ముక్కపురుగు కాక ‘దుముజి’ అయి ఉండవచ్చు. మధ్య అమెరికా నుంచి వచ్చి 1970ల చివర టాంజానియాలో బయటపడిన పురుగు అది. కండెలోకీ, కొట్టు కర్రల్లోకీ కూడా తొలుస్తుంది. అందుకే కొట్టు కడిగి ఆరబెట్టినంత మాత్రాన పోదు. వాసాల్లో ఉండి కొత్త గింజ రాగానే దిగుతుంది. పాత కర్రలు మార్చాలి, పాత గోనెలు మరిగే నీళ్లలో ముంచి ఎండేయాలి.

ఈసారి ఇలా చేయించండి. గింజ తీసుకునేటప్పుడే తేమ చూడాలి. పొడి గాజుసీసాలో రెండు మూడు చెంచాల పొడి ఉప్పు, మూడోవంతు దాకా గింజలు వేసి, మూత పెట్టి రెండు నిమిషాలు ఆడించి పావుగంట వదిలేయండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టు. ఆ గింజను టార్పాలిన్ మీద మళ్లీ ఎండబెట్టాలి, మట్టి నేల మీద కాదు. నిల్వకు 13.5 శాతం లోపు ఉండాలి. పచ్చి గింజను మూటకడితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది. అది పురుగు కన్నా ప్రమాదం, ఎందుకంటే ఉడికించినా పోదు.

ఎండిన గింజను మూడు పొరల గాలిచొరని సంచుల్లో పోయండి. లోపల రెండు పాలిథిన్ సంచులు, బయట అల్లిక సంచి. లోపలి సంచిని నింపి, గాలి తీసేసి, మెలితిప్పి మడిచి కట్టాలి. తర్వాత రెండోది, తర్వాత బయటిది. లోపల ప్రాణవాయువు అయిపోయి పురుగు చస్తుంది. మధ్యమధ్యలో ‘ఎలా ఉందో చూద్దాం’ అని విప్పితే అంతా వృథా. సంచులు చెక్కబల్ల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. ఎలుక కొరికిన చిల్లి ఒక్కటి చాలు.

అమ్మేటప్పుడు తూకం వేసి అమ్మండి. వర్తకులు ‘లుంబేసా’ అడుగుతారు. అంటే గోనె మూతి మీద గుట్టలా పోసి, తాడుతో అల్లి కట్టిన బస్తా. పేరుకు ఒక బస్తానే, లోపల మాత్రం బస్తా మీద కొసరు చాలానే ఉంటుంది. కానుక గింజ అని మొహమాటపడి చాలా సంఘాలు అక్కడే నష్టపోతాయి.

ప్రశ్న: మా మిత్రులం కొందరం కలిసి అక్కడి ఒక పల్లె గుడికి రేకులు కొనివ్వాలనుకుంటున్నాం. 10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు అని చెప్పారు. ఎన్ని రేకులు? (హైదరాబాద్)

జవాబు: రెండు వైపులా వాలు, వాలు కోణం 20 డిగ్రీలు, చుట్టూ అరమీటరు చూరు అనుకుని లెక్క వేద్దాం. సగం వెడల్పు 5, చూరు అర, కలిపి 5.5 మీటర్లు, వాలు మీద కొలిస్తే 5.85 అవుతుంది. 3 మీటర్ల రేకులు రెండు, 15 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించి వేస్తే సరిగ్గా 5.85. పొడవు చూర్లతో కలిపి 21 మీటర్లు. పక్కరేకు మీద ఒకటిన్నర అల ఎక్కిస్తే ఒక్కో రేకు 75 సెంటీమీటర్లు కప్పుతుందనుకోండి, వరుసకు 28. వైపుకు రెండు వరుసలు, రెండు వైపులు: 112. దారిలో వంగిపోయే వాటికి నాలుగు ఎక్కువ, పైన కొప్పురేకు 21 మీటర్లకు. రేకు మందం గేజి 28 అడగండి. గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చన. 32 గేజి చవకే కానీ వడగళ్లకు చిల్లులు పడుతుంది.

కానీ డబ్బు పంపే ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. గోడల మీద చుట్టూ కాంక్రీటు బెల్టు పోశారా? ఇటుకలు సంఘంవాళ్ళే ఎండాకాలంలో కోసి, బట్టీ పెట్టి కాల్చుకుంటారు. అది వాళ్ళ వాటా, దానికి వాళ్ళు పడే చాకిరీ తక్కువేమీ కాదు. అయితే మట్టి అడుసుతో కట్టిన గోడకు బెల్టు లేకపోతే కప్పు బరువుకు మూలలు విచ్చుకుంటాయి. రెండోది, దూలాలను గోడకు కట్టే ఇనుప పట్టీలు. కప్పుకు నాలుగైదు వరుసల కిందే గోడలో పెట్టి పైకి తేవాలి. పై వరుసలో పెడితే గాలికి రేకుతో పాటు ఆ ఇటుకా లేచిపోతుంది. మూడోది, మేకు రేకు అల పైన కొట్టాలి, గాడిలో కాదు. గాడిలో కొడితే మొదటి వానకే ప్రభు బల్ల మీదికి నీళ్లు కారతాయి. నేర్పరి వడ్రంగి లేనిచోట ఈ తప్పు తరచూ చూస్తాం.

డబ్బు సమయమూ ముఖ్యమే. గోడలు లేచి కప్పు లేకుండా ఒక వానాకాలం గడిస్తే త్రికోణపు గోడలు కూలడం ఖాయం. అక్టోబరు లోపల రేకు ఎక్కేలా, జూలైలోనే పంపండి. పంపేది దయోసిసి ఖాతాకు, ఉషరికా పేరు రాసి. ఏ ఒక్కరి చేతికీ, ఏ ఒక్కరి ఫోనుకూ కాదు. పాత బట్టల మూటలు మాత్రం పంపకండి, వాడిన బట్టల బజారు అక్కడ ప్రతి సంతలోనూ ఉంది.

ప్రశ్న: దార్ ఎస్ సలాంలో ఉద్యోగం. తోటి ఉద్యోగి తన సొంతూరికి, గుడికి రమ్మంటున్నాడు. ఎలా మసలుకోవాలి? (దార్ ఎస్ సలాం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వెళ్లండి, మొహమాటపడకండి. పెద్దవాళ్ళు కనబడగానే మీరే ముందు ‘షికామో’ అనాలి, వాళ్ళు ‘మరహబా’ అంటారు. గుడివాళ్ళు ‘బ్వానా యేసు అసిఫివే’, ప్రభువైన యేసుకు స్తుతి అంటే ‘ఆమెన్’ అనండి. అతిథుల పుస్తకంలో సంతకం చేయమంటారు, ఊరి ఆఫీసులోనూ అదే. ఆరాధన మధ్యలో మిమ్మల్ని నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమనడం ఖాయం; ఎక్కడి నుంచి వచ్చారో, మీ ఊరివాళ్ళ వందనాలు తెచ్చానని చెబితే చాలు, ప్రసంగం వద్దు. మూడు గంటలకు సిద్ధపడండి. పెద్దల క్వయిర్, కుర్రాళ్ల క్వయిర్, స్త్రీల క్వయిర్ ఎవరికి వారు రెండేసి పాటలు పాడకుండా కూర్చోరు. వాళ్ళ పాట కాగితం అడిగి చూడండి: గీతల స్వరాలు కాకుండా డో, రే, మీ అక్షరాలతో రాసుకుని నాలుగు గొంతులూ నేర్చుకుంటారు.

భోజనానికి ముందు ఒకరు చెంబుతో నీళ్లు పోస్తుంటే చేతులు కడుక్కుంటారు. ఉగాలి (మొక్కజొన్న పిండి సంకటి) ముద్దను కుడిచేత్తో ఉండచేసి, బొటనవేలితో గుంటచేసి, కూరను అందులో ఎత్తుకోవాలి. రాగిసంకటి తిన్న చేతికి ఇది ఐదు నిమిషాల విద్య. కోడి కందనకాయ మీ పళ్ళెంలోకి వస్తే అది గౌరవం, పక్కవారికి తోసేయకండి. వెళ్తూ వెళ్తూ రెండు కిలోల పంచదార, టీపొడి, బట్టల సబ్బు పట్టుకెళ్లండి. ఊళ్లో ‘మ్సిబా’, అంటే చావు ఉంటే పలకరించడానికి మిమ్మల్నీ తీసుకెళ్తారు. అక్కడ ‘రాంబిరాంబి’ అని కొంత డబ్బు ఇవ్వడం ఆనవాయితీ. పేరు, మొత్తం పుస్తకంలో రాసుకుంటారు, ఇబ్బందిపడకండి.

ప్రశ్న: అక్కడి పాస్టర్లు ఏ బండి వాడతారు? (విజయవాడ నుంచి ఒక మెకానిక్)

జవాబు: మీకు బాగా తెలిసినవే. బజాజ్ బాక్సర్, టీవీఎస్ బళ్లు ఆ దేశమంతా తిరుగుతుంటాయి, సామాన్లు ఏ సంతలోనైనా దొరుకుతాయి. సీటు కింద ఉండాల్సినవి: ఒక ట్యూబు, ప్యాచీలు, చేతిపంపు, స్పార్కు ప్లగ్గు, క్లచ్ తీగ. ఇంజను కన్నా ముందు పాడయ్యేది చైను. బురదలో తిరిగిన చైనును కడగకుండా నూనె పోస్తే, ఇసుక, నూనె కలిసి పళ్లచక్రాన్ని నూరేస్తాయి. ముందు కడిగి, ఆరాక నూనె వేయాలి. కొత్త బండి ఇచ్చినవాళ్ళు పెట్రోలు డబ్బు సంగతి మరిచిపోతే ఆ బండి పాస్టరుగారి వరండాలోనే ఉంటుంది.

ప్రశ్న: గుడికి సోలార్ పెట్టిస్తే ఏడాదికే బ్యాటరీ చచ్చిందట. నాసిరకమా? (ఒంగోలు)

జవాబు: అయి ఉండవచ్చు, కానీ ముందు లెక్క చూడండి. 60 వాట్ల యాంప్లిఫయరు, 12 వాట్ల కీబోర్డు, 15 వాట్ల దీపాలు, నాలుగు గంటలు: దాదాపు 350 వాట్ గంటలు. 12 వోల్టుల, 100 ఆంపియర్ గంటల బ్యాటరీలో 1,200 ఉన్నా సీసం బ్యాటరీని సగానికి మించి వాడకూడదు, అంటే 600. ఆదివారానికి హాయిగా సరిపోతుంది. వాన మబ్బులో మూడు సాయంత్రాలు వరసగా క్వయిర్ సాధన, దాని పైన ఊరందరి ఫోన్ల ఛార్జింగు కలిస్తే సరిపోదు. ఫోన్లకు విడిగా ఒక చిన్న సోలార్ పలక, చిన్న బ్యాటరీ పెట్టించి, ఫోనుకు ఇంత అని తీసుకోమనండి. ఆ డబ్బు డబ్బాలో వేస్తే కొత్త బ్యాటరీకి పనికొస్తుంది. తక్కువ వోల్టేజీలో దానంతటదే ఆపేసే కంట్రోలరు ఉందో లేదో కూడా అడగండి. చాలాసార్లు అది ఉంటుంది. పాట మధ్యలో ఆగిపోతోందని ఎవరో తీగ నేరుగా కలిపేసి ఉంటారు.